రాజమండ్రి – తిరుపతి విమానం: 457 కిలోమీటర్లకి గంటా 25 నిమిషాలెందుకు?

#1 శ్రావణి_ధవళేశ్వరం
అమ్మానాన్నల్ని తిరుపతి పంపాలి. నాన్నకి 72, అమ్మకి 67. అమ్మకి మోకాళ్లు అరిగిపోయాయి. రైల్లో కింది బెర్తు దొరికినా రాత్రి రెండుసార్లు లేచి బాత్రూముకి వెళ్లడం ఆవిడ వల్ల కావడం లేదు. అందుకని ఈసారి మన మధురపూడి విమానాశ్రయం నుంచి తిరుపతి పక్కనున్న రేణిగుంటకి నేరుగా వెళ్లే విమానం చూస్తున్నా. నేను పుణెలో ఉంటాను, వెంట వెళ్లడం కుదరదు. తమ్ముడు రాజమండ్రిలో ఎక్కిస్తాడు, అక్కడ పిన్నివాళ్లు వచ్చి తీసుకెళ్తారు.

నాకు అర్థం కానిది టైము. దూరాలు చెప్పే ఒక సైటులో రెండు విమానాశ్రయాల మధ్య 457 కిలోమీటర్లు, ప్రయాణం 35 నిమిషాలు అని ఉంది. ఇంకో సైటులో అదే 457కి గంటా 4 నిమిషాలు. టికెట్ మీద చూస్తే గంటా 25 నిమిషాలు. హైదరాబాద్ మీదుగా అయితే 5 గంటలు దాటుతోంది. ఏది నమ్మాలి?

ఇంకో సంగతి. వాళ్లకి వయోవృద్ధుల దర్శనం మధ్యాహ్నం 3 గంటల స్లాట్ దొరికింది. విమానం పదకొండు, పదకొండున్నర ప్రాంతంలో దిగుతుంది. అదే రోజు వెళ్లి దర్శనం చేసుకోగలరా?

#2 కోరుకొండ_కుర్రాడు
35 నిమిషాలంటే కోటగుమ్మం నుంచి మధురపూడి చేరడానికి పట్టే టైము. దారిలో బండ్లు తక్కువగా ఉన్న రోజు.

#3 లెక్కలమాస్టారు
శ్రావణి గారూ, ఆ మూడు అంకెలూ ఒకే ప్రశ్నకి జవాబులు కావు, అందుకే కలవడం లేదు.

457ని 800తో భాగించండి, 35 నిమిషాలకి కాస్త తక్కువ వస్తుంది. పెద్ద జెట్ విమానం బాగా ఎత్తుకి వెళ్లాక గంటకి 800 కిలోమీటర్ల చొప్పున పోతుంది. ఆ సైటు రెండు ఊళ్ల మధ్య గీత గీసి, మొదట్నుంచి చివరిదాకా అదే వేగం అనుకుంది. లేవడం లేదు, దిగడం లేదు. రెండో సైటు అదే లెక్కకి అరగంట కలిపింది. మీరు ఎక్కే విమానమేంటో రెండింటికీ తెలియదు. టికెట్ మీదున్న గంటా 25 మాత్రం ఆ విమానం నడిపేవాళ్లు వేసుకున్న లెక్క. దాన్నే నమ్మండి.

దూరం మాత్రం సరిగ్గానే ఉంది, చేత్తో వేసి చూశా. మధురపూడి అక్షాంశం 17.11, రేణిగుంటది 13.63. తేడా 3.48 డిగ్రీలు. ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు, అంటే 209. రేఖాంశాలు 81.82, 79.54. తేడా 2.28, కానీ మనం భూమధ్యరేఖ మీద లేం కాబట్టి దాన్ని 0.964తో గుణించాలి. మళ్లీ 60తో గుణిస్తే 132 నాటికల్ మైళ్లు వస్తుంది. ఈ రెండూ లంబకోణ త్రిభుజం భుజాలు. కర్ణం 247. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. 457 దిగింది. తొమ్మిదో తరగతి పిల్లలకి పైథాగరస్ చెప్పేటప్పుడు ఇదే లెక్క ఇస్తుంటా, వాళ్ల ఊరు పేరు వినగానే హుషారుగా చేస్తారు.

#4 రాజోలు_రమణ
ఫోన్ మ్యాపులో 560 దాకా చూపిస్తోందే?

#5 లెక్కలమాస్టారు
అది రోడ్డు, రమణ గారూ. విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మీదుగా. రైలుకైతే సుమారు 535.

#6 విండోసీటు
ఆ వంద కిలోమీటర్లు ఎక్కడ కలిసొచ్చాయో మ్యాపులో చూస్తే భలే ఉంటుంది. మచిలీపట్నం దగ్గర్నుంచి నెల్లూరు దాకా మన తీరం లోపలికి వంగి ఉంటుంది. రైలూ రోడ్డూ ఆ వంపు చుట్టూ తిరగాల్సిందే. రాజమండ్రి నుంచి తిరుపతికి స్కేలు పెట్టి గీత గీయండి. భీమవరం, ఆకివీడు మధ్యలోంచి పోయి, బందరు పక్కన తీరం తాకి, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోట నేలని వదిలేస్తుంది. మళ్లీ నేల తగిలేది నెల్లూరుకి కాస్త పైన. మధ్యలో సుమారు 170 కిలోమీటర్లు బంగాళాఖాతమే.

ఆంధ్రాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తూ సముద్రం దాటతామని నాకు ఆ గీత గీసేదాకా తోచలేదు.

#7 నిడదవోలు_నాగ
నేను రెండు నెలల కింద వెళ్లా. సముద్రం గిముద్రం ఏం లేదు. మొత్తం పొలాలే. దూరంగా ఎడమపక్క నీలంగా ఏదో కనిపించింది, అంతే.

#8 విండోసీటు
#7 ఏ పక్క కూర్చున్నారు? కుడిపక్కయితే తీరం కనిపిస్తుంది. గీత సముద్రం మీదనుంచి పోతుందని కదా అన్నా.

#9 నిడదవోలు_నాగ
ఎడమపక్కే కూర్చున్నా. కిటికీ సీటే. కృష్ణ రెండు పాయలుగా చీలిన చోటు బాగా కిందుగా, వెనకాలగా చూశా. తర్వాత ఒంగోలు దాకా నేల మీదే.

#10 ర్యాంపు_మనిషి
ఇద్దరిదీ నిజమే. గీత వేరు, దారి వేరు. విమానం స్కేలు పెట్టి గీసిన గీత మీద పోదు. గాల్లో కూడా పేర్లున్న దారులుంటాయి, మలుపులుంటాయి, కంట్రోల్ వాళ్లు ఆ రోజు రద్దీని బట్టి దగ్గరి దారి ఇస్తారు లేదా ఇవ్వరు. ఒకరోజు నేరుగా పొమ్మంటారు, ఒకరోజు విజయవాడ వైపు తిప్పుతారు.

నేను ఆరేళ్లు ఒక చిన్న విమానాశ్రయంలో గ్రౌండ్ పని చేశాను కాబట్టి శ్రావణి గారి అసలు ప్రశ్నకి చెప్తా. టికెట్ మీదున్నది గాల్లో ఉండే టైము కాదు. దాన్ని బ్లాక్ టైమ్ అంటాం. చక్రాల దగ్గర అడ్డంగా పెట్టే చాక్స్ తీసినప్పట్నుంచి, అవతల మళ్లీ చాక్స్ పెట్టేదాకా.

ఈ దారిలో నడిచేది ఏటీఆర్. రెక్కల మీద పంకాలుండే విమానం, డెబ్బై మంది పడతారు. నిలకడగా పోయే వేగం గంటకి సుమారు 500 కిలోమీటర్లు. జెట్ కాదు. లేచాక పైకెక్కేటప్పుడు 300 చిల్లరే ఉంటుంది. ఉరామరిగా లెక్కేస్తే ఎక్కడానికి పావుగంటలో 80 కిలోమీటర్లు, నిలకడగా 35 నిమిషాల్లో 290, మిగిలిన 87 దిగుతూ వేగం తగ్గించుకుంటూ ఇంకో పావుగంట. గంటా 5 నిమిషాలు గాల్లో. నేల మీద రెండు పక్కలా కలిపి పది, పదిహేను. మిగిలిన అయిదో పదో టైముకి చేరామని చెప్పుకోవడానికి ఉంచుకునే వెసులుబాటు. మొత్తం గంటా 25.

#11 కోరుకొండ_కుర్రాడు
నేల మీద అంత ఎందుకు? మధురపూడిలో ఉండేవే నాలుగు విమానాలు.

#12 ర్యాంపు_మనిషి
పెద్ద విమానాశ్రయాల్లో రన్‌వే పక్కనే ఇంకో దారి ఉంటుంది, దాని మీద నడిచి చివరికెళ్లి లేస్తారు. అది లేనిచోట రన్‌వే మీదే ఒక చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, అప్పుడు లేవాలి. మన మధురపూడి రన్‌వే పెంచాక మూడు కిలోమీటర్లు దాటింది, 3165 మీటర్లు. ఆ పొడవంతా ఏటీఆర్‌కి అక్కర్లేదు, మధ్యలోంచి కూడా లేవగలదు. అయినా గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా లేవాలి కదా. రన్‌వే ఈశాన్యం నుంచి నైరుతికి ఉంటుంది. నైరుతికి లేస్తే దాదాపు తిరుపతి వైపే మూతి. ఈశాన్యానికి లేస్తే చుట్టూ తిరిగి రావాలి. అక్కడికే నాలుగైదు నిమిషాలు తేడా.

#13 శ్రావణి_ధవళేశ్వరం
మాస్టారూ, ర్యాంపు గారూ, ఇప్పుడు అర్థమైంది. నేనింకా కంపెనీ వాళ్లు ఏదో తప్పు వేశారనుకున్నా. ఎదురుగాలి వల్ల ఇంకా ఆలస్యమవుతుందా? అమ్మకి కాళ్లు ముడుచుకుని ఎక్కువసేపు కూర్చోవడం కష్టం.

#14 లెక్కలమాస్టారు
గంటకి 30 కిలోమీటర్ల ఎదురుగాలి అనుకోండి. 510కి బదులు 480. 457 కిలోమీటర్లకి 54 నిమిషాలు పట్టేది 57 అవుతుంది. మూడు నిమిషాలు. దాని గురించి బెంగ వద్దు.

#15 పాతరైలు
ఎవరూ రైలు ఊసెత్తరేం? తిరుమల ఎక్స్‌ప్రెస్ సాయంత్రం రాజమండ్రిలో ఎక్కితే తెల్లవారకముందే తిరుపతి. టూ టైర్ ఏసీలో పడుకుంటే నిద్రలో పోయే టైమది, ప్రయాణంలో పోయే టైము కాదు. విమానానికి పగలంతా పెట్టాలి. ఇంటి దగ్గర పొద్దున్నే లేచి, టిఫినూ గట్రా ఆదరాబాదరాగా కానిచ్చి, రెండు గంటల ముందు అక్కడ కూర్చుని. లెక్క మొత్తం వేస్తే మిగిలేది ఎంత?

#16 కోరుకొండ_కుర్రాడు
#15 ఆవిడ మోకాళ్ల సంగతి మొదటి పోస్టులోనే రాశారు కదండీ. కదిలే రైల్లో రాత్రిపూట బాత్రూముకి వెళ్లడమే సమస్య.

#17 పాతరైలు
చదివాను. మా ఆవిడకీ మోకాళ్లే. అయినా రైల్లో లేచి నాలుగడుగులు నడవొచ్చు, కాళ్లు చాపుకోవచ్చు. ఏటీఆర్‌లో గంటన్నర కదలకుండా కూర్చోవాలి. రెంటిలో ఏది ఎక్కువ బాధో ఆవిడనే అడగమంటా, అంతే.

#18 శ్రావణి_ధవళేశ్వరం
అడిగాను. గంటన్నర అయితే కూర్చుంటానంది. పోయినసారి రైల్లో గూడూరు దాటాక ఒక్క కుదుపు, బాత్రూము తలుపు దగ్గర పడబోయింది. అప్పట్నుంచి భయం.

#19 పాతరైలు
అయితే విమానమే. ఇంక మాట్లాడను. తిరుగు ప్రయాణానికి కూడా అదే తీసుకోండి.

#20 అలిపిరి_మెట్లు
మాది తిరుపతే. రెండో ప్రశ్నకి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా: అదే రోజు 3 గంటల స్లాట్ పెట్టుకోకండి.

రేణిగుంట విమానాశ్రయం నుంచి తిరుపతి ఊళ్లోకి 15 కిలోమీటర్లు. అక్కడ్నుంచి అలిపిరిలో తనిఖీ, బ్యాగులన్నీ దించి స్కానర్‌లో పెట్టాలి, పెద్దవాళ్లు కూడా దిగి నడవాలి. తర్వాత ఘాట్ రోడ్డు. అక్కడ ఎంత తొందరున్నా వేగంగా పోనివ్వరు, టైము చూస్తారు. మొత్తం 40 కిలోమీటర్లే గానీ రద్దీ రోజు రెండు గంటలు పట్టడం నేను చాలాసార్లు చూశా. పదకొండున్నరకి దిగితే కాగితం మీద కుదురుతుంది. కానీ విమానం గంట ఆలస్యమైందా, భోజనం లేదు, స్నానం లేదు, ఆవిడ మందులు లేవు, పరుగే. వాళ్ల వయసుకి అది వద్దు.

#21 తణుకు_తల్లి
అలిపిరి గారి మాట వినండి. మాకు జరిగింది చెప్తా. కిందటేడు వేరే చిన్న ఊరి నుంచి ఇలాగే నేరుగా టికెట్ తీసుకున్నాం. పొద్దున్న అయిదింటికి ఫోన్‌కి మెసేజ్, సర్వీసు రద్దు అని. డబ్బులు తిరిగొచ్చాయి, దాంట్లో పేచీ లేదు. కానీ ఆ విమానం రోజూ ఉండదు. తర్వాతది రెండు రోజులకి. దర్శనం టికెట్ తేదీ మార్చరు. అత్తగారు బట్టలు సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఆవిడ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని పదకొండు గంటలు ప్రయాణం చేసి, ఎలాగోలా స్లాట్‌కి చేరాం. తిరిగొచ్చాక ఆవిడ వారం మంచం దిగలేదు.

దూరం ఎంత, టైము ఎంత అని అందరూ చూస్తారు. వారంలో ఏ రోజుల్లో ఉంది, రద్దయితే తర్వాతది ఎప్పుడు అన్నది ముందు చూడాలి.

#22 శ్రావణి_ధవళేశ్వరం
చదువుతుంటే గుండె జారిపోయింది. ఒకరోజు ముందు పంపిస్తా అయితే. పిన్నివాళ్లింట్లో రాత్రి ఉండి, మర్నాడు పొద్దున్న నెమ్మదిగా కొండెక్కుతారు.

#23 అలిపిరి_మెట్లు
అది సరైన పని. విమానం రద్దయినా ఒక రాత్రి రైలు చేతిలో ఉంటుంది.

#24 డల్లాస్_వెంకట్
హైదరాబాద్ మీదుగా వెళ్తే రోజూ విమానాలుంటాయి కదా, నమ్మకం ఎక్కువ. నేను ఇక్కడ్నుంచి వచ్చినప్పుడల్లా అదే చేస్తా.

#25 లెక్కలమాస్టారు
దూరం చూద్దాం. మధురపూడి నుంచి శంషాబాద్ సుమారు 360 కిలోమీటర్లు, అక్కడ్నుంచి రేణిగుంట సుమారు 420. మొత్తం 780. నేరుగా 457. పడమరకి పోయి మళ్లీ దక్షిణానికి దిగడం. అయినా ఆ 320 కిలోమీటర్ల తేడాకి గాల్లో పట్టేది గంటలోపే. మిగతా మూడు గంటలూ శంషాబాద్‌లో కూర్చోవడానికి.

#26 తణుకు_తల్లి
కూర్చోవడం కూడా కాదు, నడవడం. ఆ గేటు నుంచి ఈ గేటుకి. మోకాళ్లున్నవాళ్లకి వీల్‌చైర్ చెప్పుకోవాల్సిందే.

#27 డల్లాస్_వెంకట్
నిజమే, పెద్దవాళ్ల కోణంలో ఆలోచించలేదు. మా నాన్నగారైతే శంషాబాద్‌లో తప్పిపోయి, గంటసేపు ఫోన్ ఎత్తలేదు. టెన్షన్‌తో ఇక్కడ నాకు నిద్ర లేదు.

#28 కడప_కుర్రోడు
చిన్న ఊరి నుంచి చిన్న ఊరికి నేరుగా విమానం విలువ మా కడపోళ్లని అడగండి. చిన్న ఊళ్లకి చవగ్గా విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ మొదలైన రోజు, 2017 ఏప్రిల్ 27న, సిమ్లా–ఢిల్లీతో పాటు జెండా ఊపిన వాటిలో కడప–హైదరాబాద్ ఒకటి. గంటసేపు, 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి సగం సీట్లు 2500 రూపాయల పరిమితిలో ఇవ్వాలన్నది అప్పట్లో ఆ పథకం లెక్క. ఆ తర్వాత మా దగ్గర విమానాలు వచ్చినాయి, పోయినాయి, మళ్లీ వచ్చినాయి. మూడేళ్లు ప్రభుత్వం నష్టం పూడుస్తుంది, ఆలోగా జనం అలవాటు పడాల. సీట్లు ఖాళీగా తిరిగితే ఎవరైనా ఎన్నాళ్లు నడుపుతారు? అందుకే వీలైనోళ్లు ఎక్కండి. పోయినాక బాధపడి లాభం లేదు.

#29 పాతరైలు
నేను ఎక్కుతా అయితే. ఒక్కసారి. సముద్రం చూడ్డానికి.

#30 విండోసీటు
#29 ఆ రోజు నేరుగా పొమ్మంటే మీ అదృష్టం!

#31 శ్రావణి_ధవళేశ్వరం
పంకాల విమానం అనగానే అమ్మ కంగారు పడుతోంది. చిన్నది కదా, ఊగుతుందేమో అంటోంది. వాళ్లిద్దరూ ఇదివరకు విమానం ఎక్కలేదు. ముందుగా ఏం చెప్పి ఉంచితే భయపడకుండా ఉంటారు?

#32 ర్యాంపు_మనిషి
ఇవి చెప్పండి.

ఎక్కేది వెనక తలుపు నుంచి. ముందు భాగంలో, పైలట్లకీ ప్రయాణికులకీ మధ్య సామాను పెడతారు. అందుకని వెనక నుంచి ఎక్కడం చూసి ఏదో తేడాగా ఉందనుకోవద్దు.

ఆ తలుపే కిందికి వాలి మెట్లు అవుతుంది. అయిదారు మెట్లే. జెట్‌కి పెట్టే ఎత్తైన నిచ్చెన కంటే అమ్మగారికి ఇదే నయం. పట్టుకోవడానికి పక్కన కడ్డీ ఉంటుంది. టికెట్‌లో వీల్‌చైర్ అని ముందే రాయించండి, విమానం మెట్ల దాకా తెచ్చి దించుతారు.

లోపల కూర్చున్నాక మొదట ఉక్కగా ఉంటుంది. నేల మీద ఏసీ సరిగ్గా అందదు, రెండు ఇంజన్లూ పూర్తిగా తిరిగాక చల్లబడుతుంది. విసనకర్ర ఒకటి చేతిలో ఉంచండి.

ఇంజన్ చప్పుడు జెట్ కంటే వేరుగా ఉంటుంది, సన్నగా వణుకుతుంది. అది మామూలే. ఊగడం సంగతి అంటారా, జెట్‌లు మబ్బుల పైకి పోతాయి, ఇది పదిహేను, ఇరవై వేల అడుగుల మధ్యలో పోతుంది. మబ్బుల్లోంచి దూరినప్పుడు గతుకుల రోడ్డు మీద బస్సులా ఉంటుంది. పొద్దున్న పూట తక్కువ. మీది పొద్దున్న విమానమే కదా.

రెక్క కిటికీలకి పైన ఉంటుంది. కింద చూడ్డానికి అది అడ్డం రాదు. నాన్నగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి.

#33 కడియం_పూలు
సామాను సంగతి కూడా చెప్పండి. మా అత్తయ్య తిరుపతిలో ఆడపడుచుకి గులాబీ మొక్కలు పట్టుకెళ్తానని మట్టితో సహా రెండు కుండీలు తెచ్చింది మధురపూడికి. 😊

#34 కోరుకొండ_కుర్రాడు
ఎక్కనిచ్చారా?

#35 కడియం_పూలు
లేదు. తిరిగి మాకే ఇచ్చి వెళ్లింది. ఇప్పుడు మా గుమ్మంలో పూస్తున్నాయి.

#36 తణుకు_తల్లి
శ్రావణి గారూ, ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్తారు కదా పిన్నిగారికి. చేతి సంచీలోనే పెట్టమనండి. సూట్‌కేసులో వేస్తే చేరేసరికి పొడే. ఆవకాయ మాత్రం నూనె ఉంటుంది, చేతి సామానులో రానివ్వరు, బాగా కట్టి సూట్‌కేసులో పెట్టాలి. ఎండు కొబ్బరి అసలు పెట్టొద్దు, దేనిలోనూ ఒప్పుకోరు.

#37 రాజోలు_రమణ
ఎండు కొబ్బరి ఎందుకు వద్దంటారు? కోనసీమ వాళ్లం, సంచీలో కొబ్బరి లేకుండా ఊరు దాటం.

#38 ర్యాంపు_మనిషి
నూనె ఎక్కువ, వేడెక్కితే అంటుకునే వస్తువుల జాబితాలో ఉంది. మొన్న శబరిమల సీజన్‌లో ఇరుముడిలో కొబ్బరికాయకి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది కూడా అందుకే, లేకపోతే చేతి సామానులో అదీ రాదు.

#39 శ్రావణి_ధవళేశ్వరం
అందరి మాటా రాసుకున్నా. టికెట్లు తీసుకున్నాను. దర్శనానికి ముందు రోజు ప్రయాణం. నాన్నకి ఎడమపక్క కిటికీ. వీల్‌చైర్ చెప్పాను. వెళ్లొచ్చాక రాస్తా.

#40 అలిపిరి_మెట్లు
దిగాక ఏదైనా ఇబ్బంది అయితే ఇక్కడే మెసేజ్ పెట్టండి. మా ఇల్లు రేణిగుంట రోడ్డులోనే.

(పదిహేడు రోజుల తర్వాత)

#41 శ్రావణి_ధవళేశ్వరం
క్షేమంగా చేరారు, దర్శనం బాగా జరిగింది. ఆలస్యంగా రాస్తున్నా, క్షమించాలి. వాళ్లు ఇంకా తిరుపతిలోనే ఉన్నారు, పిన్ని పంపనివ్వడం లేదు.

నాన్న ధవళేశ్వరం బ్యారేజీలో గేట్ల దగ్గర పని చేసి రిటైరయ్యారు. వరద వచ్చినప్పుడు గంట గంటకీ నీటిమట్టం రాయడం అలవాటు. ఈ ప్రయాణానికి కూడా జేబులో చిన్న డైరీ పెట్టుకుని ప్రతిదీ టైముతో రాశారు. పిన్ని ఆ పేజీ ఫొటో పంపింది. ఉన్నదున్నట్టు ఇస్తున్నా:

ఇంటి నుంచి మధురపూడి – 50 నిమిషాలు.
లోపల వేచి ఉన్నది – గంటా 50 నిమిషాలు.
తలుపు వేసి, లేచేదాకా – 13 నిమిషాలు.
గాలిలో – గంటా 3 నిమిషాలు.
దిగి, ఆగేదాకా – 6 నిమిషాలు.
సామాను, బయటికి – 20 నిమిషాలు.
రేణిగుంట నుంచి చెల్లి ఇల్లు – 40 నిమిషాలు.

కింద గీత గీసి, మొత్తం 5 గంటల 2 నిమిషాలు అని కూడి పెట్టారు.

#42 లెక్కలమాస్టారు
13, 63, 6. బ్లాక్ టైమ్ 82 నిమిషాలు. టికెట్ మీద 85. ర్యాంపు గారూ, మీరు గాల్లో గంటా 5 అన్నారు, రెండు నిమిషాలే తేడా. నాన్నగారి డైరీ పేజీ మా పిల్లలకి చూపిస్తా శ్రావణి గారూ, మీకు అభ్యంతరం లేకపోతే.

#43 శ్రావణి_ధవళేశ్వరం
తప్పకుండా చూపించండి మాస్టారూ. నాన్నకి చెప్తే పొంగిపోతారు.

#44 పాతరైలు
అమ్మగారు ఎలా కూర్చున్నారు?

#45 శ్రావణి_ధవళేశ్వరం
అమ్మ కూర్చోగలిగింది. ఎక్కేటప్పుడు మెట్ల దగ్గర ఒకబ్బాయి చెయ్యి పట్టుకున్నాడట, అది పదిసార్లు చెప్పింది. మబ్బుల్లో కాస్త ఊగినప్పుడు కళ్లు మూసుకుని గోవిందా గోవిందా అంటుంటే పక్క వరసలో ఇద్దరు ముగ్గురు కలిశారట. దిగాక కాళ్లు కొంచెం బిగిశాయి, సాయంత్రానికి సర్దుకున్నాయి.

#46 విండోసీటు
సముద్రం కనిపించిందా?

#47 శ్రావణి_ధవళేశ్వరం
కనిపించింది! డైరీలో "లేచిన 25 నిమిషాలకి – రెండు పక్కలా నీళ్లే" అని ఉంది. మీరు చెప్పిన హంసలదీవి దాటాక అయి ఉంటుంది.

కానీ నాన్న ఫోన్‌లో సముద్రం గురించి ఒక్క ముక్క చెప్పారు, మిగిలిన పావుగంటా బ్యారేజీ గురించే. లేచిన రెండు మూడు నిమిషాలకి గోదావరి దాటుతుంటే ఎడమపక్క ఆనకట్ట మొత్తం ఒక గీతలా కనిపించిందట. ముప్ఫై మూడేళ్లు దాని మీద నడిచారు, 175 గేట్లూ చేత్తో ముట్టుకున్న మనిషి. అది అంత సన్నగా ఉంటుందని అనుకోలేదన్నారు. ధవళేశ్వరం, ర్యాలి వైపు బాగా చూశారు. మద్దూరు, విజ్జేశ్వరం వైపు వచ్చేసరికి మబ్బు అడ్డం వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఏ పక్క కూర్చుంటే ఆ మిగిలిన రెండూ కనిపిస్తాయో మీ వాళ్లని అడుగమ్మా అన్నారు.

#48 ర్యాంపు_మనిషి
కుడిపక్క కిటికీ. తిరుపతి వైపు నుంచి నేరుగా ఈశాన్యానికి దిగితే, దిగడానికి అయిదు నిమిషాల ముందు కుడివైపు కిందే ఉంటుంది. గాలి అటు తిరిగి అవతలి చివర నుంచి దింపితే మాత్రం ముందుగా మధురపూడి దాటి చుట్టి వస్తారు, అప్పుడు కాస్త దూరమవుతుంది. అయినా కుడిపక్కే.

#49 శ్రావణి_ధవళేశ్వరం
తీసేశా. కుడిపక్క కిటికీ, రెక్క నీడ పడని వరస. గురువారం వస్తున్నారు.